ఖాళీ గళ్ళ ఊరు

మధ్యాహ్నం భోజనాల వేళ కాకుండానే టేపు తిరగడం ఆగిపోయింది. చెడిపోయి ఆగలేదు, పనైపోయి ఆగింది. సుబ్బలక్ష్మి ఏసీ గది చలికి శాలువా బిగించి కప్పుకుని మిషను ముందు దీపాలకేసి అలాగే చూస్తూ నిలబడింది. ఎక్కడో ఏదో తప్పు జరిగే ఉంటుందిలే అనుకుంది. ఆవిడ స్వభావమే అంత. మంచి జరిగితే ముందు భయపడుతుంది, తరవాత తీరిక దొరికితే సంతోషిస్తుంది.

నిన్నమొన్నటిదాకా ఇదే పంటల సర్వే పనికి పొద్దుట మొదలెడితే పొద్దుగూకేది. యూనివర్సిటీ మొత్తానికి ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దానికోసం ఫిజిక్సువాళ్ళు, ఇంజనీరింగువాళ్ళు, ఎకనామిక్సువాళ్ళు రేషను షాపు ముందు నిలబడ్డట్టు నిలబడేవాళ్ళు. ఊళ్ళ పేర్లూ పంటల లెక్కలూ కలగలిపి నడిపించడం కోసం రీడరు అచ్యుతరామయ్యగారు స్వయంగా ఒక కంప్యూటరు భాష తయారుచేశారు. దానికి ‘అక్షర’ అని ముద్దుగా పేరు కూడా పెట్టుకున్నారు. భాష బాగానే ఉండేది గానీ, దాన్ని లోపలుండి నడిపించే ప్రోగ్రాము ఉంది చూశారూ, అది మహా దుబారా. టేపు మీద ఒక్క వరస, అంటే ఒక ఊరి లెక్క, రాయాలంటే మెమొరీలో ఒక కొత్త పట్టీ తీసుకునేది. వరసంతా దానిమీద కూర్చి టేపుకి అందించేది. పట్టీని అక్కడే పారేసేది. పక్క వరసకి మళ్ళీ కొత్త పట్టీ! పెళ్ళి పంక్తుల్లో విస్తళ్ళు లేచినట్టు లేచేవి. ఉన్న మెమొరీయే పిడికెడు. అది నిండగానే మిషను టేపుని నిలబెట్టేసి, ఏది పనికొచ్చేది, ఏది చెత్త అని మూలమూలా వెతికి ఊడ్చుకునేది. నాలుగు వరసలు రాసి మళ్ళీ చీపురు పట్టుకునేది. రాసేదానికంటే ఊడ్చుకునేదే ఎక్కువ.

సుబ్బలక్ష్మి దసరా సెలవులన్నీ ధారపోసి ఆ జబ్బు కుదిర్చింది. వరసకో కొత్త పట్టీ దేనికీ? ఒక్క పట్టీ చాలదూ? ఇంట్లో కంచంలాగా దాన్నే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. అసలు చెత్తే పుట్టకపోతే ఊడ్చే బాధేముంది!

అచ్యుతరామయ్యగారు చెప్పులు బయట విడిచి, గబగబా లోపలికొచ్చి, ఆగిన టేపునీ గోడ గడియారాన్నీ మార్చి మార్చి చూశారు.

“అయిపోయిందా? మొత్తమా?”

“మొత్తం అయిపోయిందండీ.”

“ఊడ్చుకోడానికి ఎన్నిసార్లు ఆగింది?”

“ఒక్కసారీ ఆగలేదండీ.”

“భేష్! బొంబాయి వాళ్ళకి ఇవాళే రాసేస్తాను, సదస్సులో మన పేపరు పెట్టమని. సోమవారం సెలక్షను కమిటీ కూర్చుంటోంది. ఇంక నీకు ఈ టెంపరరీ బాధ ఉండదులే అమ్మాయ్” అన్నారాయన. అని, మిషను పక్కన ఉన్న ఇనప బీరువాని ఆప్యాయంగా తట్టారు. ఆయనకి అంతకంటే సంతోషం చూపించడం రాదు.

*

ఆ సంతోషం కాస్తా మర్నాటికే ఆవిరైపోయింది. ఎకనామిక్సు లెక్చరరు వెంకటనర్సయ్య అచ్చు కాగితాల మడతని చంకలో పెట్టుకుని వచ్చాడు. పంటల సర్వే ఆయన డిపార్టుమెంటుదే. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గది దాటి వినిపిస్తుంది. ఫారాల్లో అంకెల్ని అట్ట కార్డుల మీద కన్నాలుగా కొట్టే హాల్లో నిలబడి, అందరూ వింటుండగా కాగితం విప్పాడు.

“సార్, గిదేందో జర చూడుండ్రి. బోడగుట్టపల్లెల వరి పండిందంట. చెరుకు గూడ!”

అచ్యుతరామయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. “పండితే మంచిదేగా.”

“మా అక్కనిచ్చిన ఊరు సార్ అది. తాగే నీళ్ళకు బాయికాడ కొట్లాడుకుంటరు. జొన్నలు, ఆముదాలు, ఇంతే. వరి మీద వాళ్ళ కండ్లు పడేది అంగట్లనే. గిసొంటి ఊళ్ళు ఇంకా ఉన్నయి, గీతలు పెట్టిన చూడుండ్రి. బాయిలు తవ్వనీకె సర్కారు అప్పులిచ్చేది గీ లెక్క జూసే. వరీ చెరుకూ పండే ఊరికి బాయెందుకు అంటరు వాళ్ళు. మా ఊళ్ళు ఎండి చస్తుంటె మీ మిషను నాట్లేసి కూసున్నది.”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటనర్సయ్య నవ్వలేదు.

అచ్యుతరామయ్యగారు కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశారు. ఆయన తొందరపాటు మనిషి కాదు. గోదావరి ఊళ్ళు చూశారు, కృష్ణా ఊళ్ళు చూశారు. ఒక్క అంకె తేడా లేదు. తప్పులన్నీ తెలంగాణా ఊళ్ళలోనే ఉన్నాయి. రాయలసీమ కార్డులు ఇంకా రానేలేదు.

“మిషనుకి కోస్తా, తెలంగాణా అని తేడా తెలీదండీ” అన్నారు తీరిగ్గా. “మనుషులకే తెలుస్తుంది. ఈ ఊళ్ళ కార్డులన్నీ కొట్టింది ఎవరు? సారలమ్మేగా?”

సారలమ్మే. ఆ ఊళ్ళ పేర్లు ఆవిడ నోటికి అలవాటైనవని ఆ కట్టలన్నీ ఆవిడకే ఇచ్చారు. పిలవగానే కుర్చీలోంచి లేచి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నలభై దగ్గరపడ్డ మనిషి. అంబర్‌పేట్ నుంచి బస్సులో వస్తుంది, రోజూ అందరికంటే ముందొచ్చి తన కార్డుల మిషను మీద గుడ్డ తీస్తుంది. మిల్లు మూతపడి మొగుడు ఇంట్లో కూర్చున్నాక ఆ ఇల్లు నడుస్తున్నది ఆవిడ వేళ్ళ మీదే.

అచ్యుతరామయ్యగారు కేకలేస్తే బాగుండేది. ఆయన కేకలెయ్యలేదు, జాలిపడ్డారు.

“అమ్మా సారలమ్మా, నీ కళ్ళు సరిగ్గా కనబడుతున్నాయా?”

“కనవడ్తున్నయి సార్.”

“ఫారంలో ఖాళీగా ఉన్న గడిలో నువ్వు అంకెలు కొట్టేస్తున్నావు. పై ఊరి అంకెలు కింద ఊరికి కొట్టావు. ఇదిగో చూడు. చూపు ఒక వరస నుంచి ఇంకో వరసకి జారిపోతోందన్నమాట. దాచుకోకమ్మా, వయసుతో వస్తుంది.”

సారలమ్మ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. తరవాత దూరంగా జరిపింది. హాల్లో కూర్చున్నవాళ్ళందరూ ఆ జరపడం చూశారు.

“నేను ఖాళీ ఇడిచిపెట్టిన సార్. నాకు మంచిగ యాదికున్నది.”

“విడిచిపెడితే అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి, ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? పోనీలే. ఆ ఊళ్ళ కార్డులన్నీ మళ్ళీ కొట్టు.”

సుబ్బలక్ష్మి ఆ పక్కనే గుమ్మంలో నిలబడి ఉంది. ‘పై ఊరి అంకెలు కింద ఊరికి’ అన్న మాట వినగానే ఆవిడ గడప దాటబోయి ఆగింది. పట్టీ! అని ఒక్క మాట మనసులో మెరిసింది. ఆ వెంటనే, ఛ, అదే అయితే కోస్తా ఊళ్ళూ తప్పు రావాలిగా, అనుకుంది. ఆ సమాధానం దొరకగానే దాన్ని గట్టిగా పట్టుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయింది.

*

సారలమ్మ ఆ రోజంతా తలెత్తలేదు. ఎడమ చేతి చూపుడువేలు ఫారం మీద పెట్టేది, గడిలో ఉన్నది పైకి చదివేది, కుడిచేత్తో మీట నొక్కేది. “జొన్న, పన్నెండు. ఆముదం, నాలుగు. వరి, ఖాళీ. చెరుకు, ఖాళీ.” కార్డు బయటికి రాగానే కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని కన్నాలు చూసుకునేది. మామూలుగా అయితే ఆవిడ మిషను చప్పుడు వడగళ్ళ వానలా ఆగకుండా వినపడేది. ఆ రోజు టక్, టక్ మని ఆగి ఆగి పడింది.

మర్నాడు కొత్త కార్డులతో మళ్ళీ నడిపారు. బోడగుట్టపల్లెలో మళ్ళీ వరి పండింది. చెరుకూ పండింది. అవే అంకెలు.

అచ్యుతరామయ్యగారు ఈసారి కాగితాలు తిరగెయ్యలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, అదే హాల్లో, అదే మెత్తని గొంతుతో అన్నారు. “కళ్ళ డాక్టరుకి చూపించుకుని, బాగున్నాయని సర్టిఫికెట్టు పట్రా అమ్మా. అప్పుడు చూద్దాం. అందాకా రానక్కర్లేదు.”

టెంపరరీ మనిషికి ఆ మాట అంటే ఏమిటో ఆ హాల్లో అందరికీ తెలుసు. సారలమ్మ మిషను మీద గుడ్డ కప్పి, టిఫిను గిన్నె సంచిలో పెట్టుకుని, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచింది.

సుబ్బలక్ష్మి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, చెట్టునీడలోంచి సారలమ్మ ఎదురొచ్చింది. ఆవిడకోసమే ఆగినట్టుంది.

“మేడమ్, మీరు పెద్ద సదువు సదివినోళ్ళు. మీరు చెప్తె నమ్ముత. నాకు కండ్లకు ఏమన్న అయ్యిందంటరా? నేను ఖాళీ అనే సదివిన, ఖాళీ అనే కొట్టిన. కార్డు ఎత్తి గూడ చూసిన. అయినా గట్లెట్లొస్తది? రెండుసార్లు గూడ?”

రెండుసార్లూ అవే అంకెలు! చూపు జారిన మనిషి రెండోసారి ఇంకోలా జారుతుంది గానీ, అచ్చుగుద్దినట్టు అదే అంకె మీదికి జారుతుందా? సుబ్బలక్ష్మికి ఆ సంగతి పొద్దుట ప్రింటు చూసినప్పుడే తట్టింది. తట్టినా నోరు పెగల్లేదు. సోమవారం కళ్ళముందు నిలబడి ఉంది మరి. ఆవిడ చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగింది.

“ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిదే కదండీ, సారలమ్మగారూ” అంది నేలకేసి చూస్తూ.

సారలమ్మ మొహంలో ఉన్న కొద్దిపాటి పట్టుదల ఆ మాటతో పోయింది. “మంచిది మేడమ్. మీరు గూడ గట్లనే అంటె, ఇగ చూపించుకుంట” అని బస్సు స్టాపుకేసి నడిచింది. దారిలో రోడ్డు దాటబోయి, ఎప్పుడూ దాటే రోడ్డే, ఆగి, అటూ ఇటూ రెండేసిసార్లు చూసుకుంది.

*

తార్నాకలో సుబ్బలక్ష్మి ఉండేది అక్క అమ్మాజీ వాళ్ళింట్లో. ముందు గది బావగారి సైకిలుకీ రేడియోకీ, వెనక గది వంటకీ పోతే, మధ్య గదిలో ఓ మూల ఆవిడ మంచం. సాయంత్రం అమ్మాజీ పెసరట్లు పోస్తూ చెల్లెల్ని ఓరకంట చూసింది. మొదటి అట్టు చల్లారిపోతున్నా ముట్టుకోలేదు ఆ పిల్ల.

“ఏవే సుబ్బులూ, ఒంట్లో బాగాలేదా?”

“బానే ఉందే. అక్కా, నువ్వు చేసిన తప్పుకి పనిమనిషిని తిట్టావనుకో…”

“నేనెందుకు తిడతానూ?”

“తిట్టావనుకోవే! తరవాత నీకు తెలిసింది, తప్పు నీదేనని. ఏం చేస్తావ్?”

అమ్మాజీ అట్టు తిరగేసింది. “ఏం చేస్తాను, మర్నాడు ఓ గ్లాసుడు కాఫీ ఎక్కువిస్తాను. నోటితో చెబితే నెత్తినెక్కుతారు. ఏం, ఆఫీసులో ఏం వెలగబెట్టావు? ఇదిగో చూడు, సోమవారం దాకా నువ్వు నోరు విప్పకు. మీ బావగారు మొక్కుకున్నారు కూడాను.”

సుబ్బలక్ష్మి అట్టు తుంచింది. తుంచిన ముక్కని చట్నీలో ముంచి కంచంలోనే పెట్టేసింది.

శనివారం పొద్దున్నే, ఇంకా అటెండరు గదులు ఊడుస్తుండగానే, ఆవిడ కార్డుల బీరువా తెరిచింది. సారలమ్మ కొట్టిన కట్టలో బోడగుట్టపల్లె కార్డు దొరకబుచ్చుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. వెలుతురుకి ఎత్తింది. జొన్న దగ్గర కన్నాలున్నాయి. ఆముదం దగ్గర ఉన్నాయి. వరి దగ్గర అట్ట నున్నగా ఉంది. చెరుకు దగ్గరా నున్నగానే ఉంది. వేలితో తడిమి చూసింది. ఒక్క కన్నం లేదు.

సొరుగు లాగి, దసరాల్లో తను ప్రోగ్రాముని పరీక్షించుకున్న కార్డులు బయటికి తీసింది. సారలమ్మ పనిలో చేరకముందు కొట్టిన కట్టలోంచి తనే ఏరుకున్న ఊళ్ళు. అన్నీ గోదావరి జిల్లావి. చిన్నప్పుడు పడవల్లో తిరిగిన ఊళ్ళు, అత్తయ్యలూ పిన్నమ్మలూ ఉండే ఊళ్ళు. తెలిసిన ఊళ్ళైతే తప్పొస్తే ఇట్టే పట్టుకోవచ్చని ఏరుకుంది. వరి నిండు, చెరుకు నిండు, మినుము నిండు, కొబ్బరి నిండు, అరటి నిండు, జొన్నా ఆముదమూ కూడా లంకల్లో ఎంతో కొంత ఉన్నవే. ఒక్క ఊళ్ళో ఒక్క గడి ఖాళీ లేదు.

అక్కడే స్టూలు మీద కూర్చుంది. కొత్త పట్టీ ఇచ్చేటప్పుడు మిషను దాన్ని శుభ్రంగా తుడిచి ఇచ్చేది. తను కొత్త పట్టీలు వద్దని ఒక్కదానితో సరిపెట్టింది. వాటితోపాటే ఆ తుడిచే పనీ పోయింది, తను గమనించనే లేదు. నిండు ఊరి తరవాత నిండు ఊరొస్తే పాత అంకె మీద కొత్త అంకె పడుతుంది, ఎవరికీ ఏమీ తెలీదు. చెరువు కింద వరి పండే ఊరి తరవాత బోడగుట్టపల్లె వచ్చిందనుకో? ఆ ఖాళీ గడిలో ప్రోగ్రాము ఏమీ రాయదు. పై ఊరి వరి అలాగే ఉండిపోతుంది. కడగని కంచంలో మళ్ళీ వడ్డించింది తను. ఖాళీ గడులు ఉండే ఊళ్ళు ఉంటాయన్న సంగతే తన బుర్రకి తట్టలేదు.

పట్టీని ప్రతి వరసకీ ముందు తుడిచే నాలుగు ముక్కలు రాసి, వాటి కార్డులు తనే కొట్టుకుని నడిపింది. బోడగుట్టపల్లెలో వరి పోయింది. చెరుకు పోయింది. జొన్నా ఆముదం మాత్రం మిగిలాయి. టేపు అప్పుడూ ఎక్కడా ఆగలేదు. తుడవడానికి పెద్దగా సమయం కూడా పట్టలేదు. అది చూసి సుబ్బలక్ష్మికి ఏడుపొచ్చింది.

*

అచ్యుతరామయ్యగారికి సగం చెప్పేసరికే మొత్తం అర్థమైపోయింది. ఎంతైనా ఆ భాష పుట్టించినవాడు. కాసేపు ప్రింటుకేసి చూసి, “అయ్యయ్యో” అన్నారు, నిజంగానే నొచ్చుకుని. మరు నిమిషంలో తేరుకున్నారు.

“సరిదిద్దేశావుగా, ఇంకేం. కొత్త ప్రింటు వెంకటనర్సయ్యకి పంపించేస్తాను. కార్డులు సరిచేశామనుకుంటాడు.”

“మరి సారలమ్మగారు?”

“నెమ్మదిగా పిలుద్దాం. ఓ నెల పోనీ.”

“ఆవిడ తప్పు లేదండీ.”

“లేదన్నాను కదూ! చూడమ్మా, నేనేం రాక్షసుణ్ణి కాదు. సోమవారం కమిటీ ఉంది. బొంబాయికి ఉత్తరం వెళ్ళిపోయింది. అదీగాక బయట గాలి ఎలా ఉందో చూస్తున్నావుగా, హాస్టళ్ళలో రోజుకో తెలంగాణా మీటింగు. మన మిషను ఏరి ఏరి వాళ్ళ ఊళ్ళ లెక్కలే తప్పు రాసిందని, రాయించింది కోస్తా అమ్మాయని తెలిస్తే ఏమవుతుందో ఆలోచించు. పొరపాటు అంటే ఎవరు నమ్ముతారు? నీ మేలు కోరి చెబుతున్నాను.”

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే సుబ్బలక్ష్మికి భయం వేసింది. “అలాగేనండీ” అని బయటికొచ్చింది. గేటు దాకా నడిచి, తార్నాక దాకా నడిచి, ఇల్లు దాటిపోయి, రైలు పట్టాల దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

ఆదివారం అక్కకి కూరలు తెస్తానని చెప్పి అంబర్‌పేట్ బస్సెక్కింది.

సారలమ్మ వాళ్ళిల్లు పట్టుకోడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాకిట్లో ఎండలో చాప వేసుకుని, చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఏరిన చాటని పక్కనున్న కూతురికి అందించింది. “నువ్వొకసారి చూడు బిడ్డా, నాకు కనవడలేదేమో” అంది. ఆ పిల్ల చాట తిప్పి చూసి, “ఏం లెవ్వే అమ్మా, ఎన్నిసార్లు చూడమంటవు!” అని విసుక్కుంది.

సుబ్బలక్ష్మిని చూడగానే సారలమ్మ గాభరాగా లేచి, ముక్కాలిపీట తెచ్చి వేసింది.

“దవాఖానకు పోయిన మేడమ్. లైనుల నిలవడి, కండ్లల్ల మందేసి, అద్దాలు పెట్టి చూసిండు. ఏం లేదు, మంచిగున్నయన్నడు.”

“అయితే… సర్టిఫికెట్టు?”

“రాసిస్తనన్నడు. నేనే వద్దన్న.” సారలమ్మ కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంది. “డాక్టరు మనిషే గద మేడమ్, తప్పు చూడొచ్చు. మిషను తప్పు చెప్పదు గద. ఉద్యోగమిచ్చిన్రని పోయి మల్ల ఊళ్ళ లెక్కలు ఖరాబు చేస్తె ఆ పాపం నాకెందుకు? పొయ్యి కాడ గూడ పోరితోనే ఉప్పు ఏయిస్తున్న.”

సుబ్బలక్ష్మి వచ్చేటప్పుడు బస్సులో మాటలన్నీ కూర్చుకుంది. ఇప్పుడు అవేవీ గుర్తు రాలేదు.

“సారలమ్మగారూ, మీ కార్డుల్లో తప్పు లేదు. తప్పు నాది. నేను రాసిన ప్రోగ్రాముది. పై ఊరి అంకెల్ని అది తుడవకుండా కింద ఊరికి రాసేసింది. మీరు ఖాళీ అనే కొట్టారు. నేను చూశాను.”

సారలమ్మ చాటలో బియ్యం అరచేత్తో చదును చేసింది. మళ్ళీ చెదరగొట్టింది.

“మీకెప్పుడు ఎరుకైంది?”

“నిన్న.”

“నిన్ననేనా?”

సుబ్బలక్ష్మి తల వంచుకుంది. “అనుమానం ముందే వచ్చింది. రెండోసారి ప్రింటు చూసినప్పుడు.”

“అంటె నేను మెట్లకాడ మిమ్ముల అడిగినప్పుడు మీకు ఎరుకనే.”

“…అవునండీ.”

“ఎరుకుండి నన్ను డాక్టరుకాడికి పొమ్మన్నరు.”

సారలమ్మ గొంతు పెంచలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ అవి బాధవి కావు, కోపానివి. “నా బిడ్డకు సగం గుడ్డిదాన్నయిన మేడమ్ నేను. గీ రెండు దినాలు చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిచ్చింది నన్ను.”

“క్షమించండి.”

“గీడ చెప్తె నాకొక్కదానికే ఎరుకైతది. సారు నన్ను అన్నది గీడ గాదు. అందరి ముందల అన్నడు. రేపు నేనొస్త. గాడ చెప్పుర్రి” అంది సారలమ్మ. అని, చాట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

సోమవారం సుబ్బలక్ష్మి కమిటీ కోసం అక్క పట్టుచీర కట్టుకుంది. హాల్లో అడుగుపెట్టేసరికి సారలమ్మ తన మిషను పక్కన, కుర్చీ వెనక నిలబడి ఉంది, సంచి భుజానే ఉంది. పక్క మిషన్లవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. కొత్త ప్రింటు తీసుకోడానికి వెంకటనర్సయ్యా వచ్చి ఉన్నాడు. అచ్యుతరామయ్యగారు గుమ్మంలోనే ఆగి, సుబ్బలక్ష్మిని చూసి, వద్దన్నట్టు చిన్నగా తల ఊపారు.

సుబ్బలక్ష్మి గొంతు ఆవిడకే ఎక్కడో దూరాన్నుంచి వినపడింది.

“సారలమ్మగారు కొట్టిన కార్డుల్లో ఒక్క తప్పు లేదు. తప్పు నా ప్రోగ్రాముది. మెమొరీలో చెత్త తగ్గిద్దామని ఒక్క పట్టీనే మళ్ళీ మళ్ళీ వాడాను, మధ్యలో తుడవలేదు. ఖాళీ గడి వచ్చినచోటల్లా పై ఊరి పంట మిగిలిపోయింది. నేను పరీక్షించుకున్న ఊళ్ళలో ఖాళీ గడులు లేవు. అందుకని తెలీలేదు.”

వెంకటనర్సయ్య కాగితాల మడత ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

“ఏ ఊళ్ళు పెట్టి చూసుకున్నరు మేడమ్?”

“మావైపువండీ. గోదావరివి.”

“గంతే గదా. మీ ఊళ్ళల్ల ఖాళీ గడి లేదు గనక లోకంల యాడ ఉండదనుకున్నరు.” ఇంకా చాలా అనబోయినట్టే ఉంది గానీ, ఆవిడ మొహం చూసి ఆగాడు. “పోనీ, చెప్పిన్రు. అది గూడ తక్కువేం గాదు.”

అచ్యుతరామయ్యగారు దగ్గి ముందుకొచ్చారు. పరిస్థితి చేజారకుండా పట్టుకోవడం ఆయనకి బాగా తెలుసు.

“సరే, అయిందేదో అయింది. ఇప్పుడంతా సరైపోయింది. సారలమ్మా, ఇవాళ్టినుంచే నీ పని నీకు. కూర్చోమ్మా, కూర్చో.”

సారలమ్మ కూర్చోలేదు. సంచీ దింపలేదు. కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి ఆయన వంకే చూసింది.

“పనిచ్చిన్రు సార్, మంచిది. నా కండ్లు గూడ మీరే తీసుకున్నరు గద, అవి గూడ ఇయ్యుర్రి. గా దినం గీ హాల్లనే, అందరి ముందలనే అన్నరు. నా కండ్లు మంచిగున్నయని ఇప్పుడు గీడనే అనుర్రి.”

అచ్యుతరామయ్యగారికి చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ చూశారు. ఎవరైనా నవ్వుతారేమో, నవ్వితే దాన్ని సాకుగా తీసుకుని వెళ్ళిపోదామని చూశారు. ఎవరూ నవ్వలేదు. కళ్ళజోడు తీయబోయి, ఏమనుకున్నారో, చెయ్యి దింపేశారు.

“నీ కళ్ళు బాగానే ఉన్నాయమ్మా” అన్నారు. చిన్నపిల్లల వాచకంలో వాక్యంలా ఉంది అది. అంత చిన్న వాక్యం చెప్పడానికి అంత పెద్దమనిషి నుదుట చెమట పట్టింది.

సుబ్బలక్ష్మికి ప్రాణం తెరిపిన పడింది. చెప్పాల్సింది చెప్పేసింది, సారలమ్మకి దక్కాల్సింది దక్కింది. ఇంక ఏమైతే అయింది, ఉద్యోగం పోతే పోయింది అనుకుంటుండగా సారలమ్మ ఇటు తిరిగింది.

“మీరు గూడ, మేడమ్.”

“నేను… ఇప్పుడే చెప్పానుగా, తప్పు నాదని.”

“మీ తప్పు మీరు చెప్పుకున్నరు. నా కండ్ల ముచ్చట చెప్పలే. సారు ఎరుకలేక అన్నడు. మీరు ఎరుకుండి అన్నరు. సారు మాటకు నేను దవాఖానకు పోలే మేడమ్, మీ మాటకు పోయిన.”

అటెండరు తలుపు సందులోంచి తొంగి చూసి, “సుబ్బలక్ష్మి మేడమ్, కమిటీ పిలుస్తున్నరు” అన్నాడు. అచ్యుతరామయ్యగారు ఆత్రంగా వెళ్ళు వెళ్ళమని చెయ్యి ఊపారు. ఆవిడ కదల్లేదు. తప్పు నాదని చెప్పినప్పుడు, భయంగా ఉన్నా, లోలోపల ఎక్కడో కొంచెం గర్వంగానూ ఉంది. ఇప్పుడు ఆ గర్వం వెతికినా దొరకలేదు. మెట్ల దగ్గర లాగే తల వంగిపోబోయింది. బలవంతాన ఎత్తి సారలమ్మ కళ్ళల్లోకి చూసింది. నల్లటి కళ్ళు, కింద నిద్రలేని చారలు. చూపు తిన్నగా ఉంది.

“మీ కళ్ళు బాగున్నాయి, సారలమ్మగారూ. అప్పుడూ బాగానే ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు.”

సారలమ్మ తల ఊపింది. సంచీ దింపి కుర్చీ వీపుకి తగిలించింది. మిషను మీద గుడ్డ మడిచి పక్కన పెట్టి, కూర్చుని, కొత్త ఫారం ముందుకు లాక్కుంది.

“ఇగ పోన్రి మేడమ్, మిమ్ముల పిలుస్తున్నరు” అంది, ఫారం మీంచి చూపు ఎత్తకుండానే, కార్డు లోపలికి తోస్తూ.